ఒక్క మెతుకు చాలదు: ఒక గోల్ఫు రౌండు లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నె అంతా గాలించక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు అంటారు. గణాంకశాస్త్రానికి ఆ పేరు రాకముందే మన అమ్మమ్మలకి తెలిసిన విద్య ఇది. కాని ఈ విద్య పారడానికి ఒక షరతు ఉంది. గిన్నెలో ఎసరు అంతటా ఒకేలా మరగాలి. అడుగున మాడిపోయి, పైన ఇంకా బియ్యంగానే ఉన్న గిన్నెలోంచి ఒక మెతుకు తీసి చూస్తే, ఆ మెతుకు చెప్పేది ఆ మెతుకు సంగతే. గిన్నె సంగతి కాదు.

గోల్ఫులో ఒక రౌండు చాలాసార్లు అలా అడుగున మాడిన గిన్నె లాంటిదే. నాలుగు గంటల ఆటలో ఒక గంట మనం చాంపియన్లం, ఇంకో గంట బంతిని మొదటిసారి చూస్తున్నవాళ్ళం. ఆట అయ్యాక ఇంటికి తిరిగొస్తూ ఆ రౌండు మీద ఒక తీర్పు చెప్పేసుకుంటాం. ఆ తీర్పు ఏ మెతుకు పట్టుకుని చెబుతున్నామన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ శీర్షికలో మామూలుగా చిప్పుల గురించో, డేటాబేసుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి గోల్ఫు ఏమిటని మీరు అడగవచ్చు. ఎగుడుదిగుడుగా సాగిన ఒక రౌండుని ఎలా చదవాలి, అందులోంచి ఏం నేర్చుకోవాలి అన్నది నిజానికి డేటా సమస్య. రోజూ లాగులు చదివి, ప్రొఫైలరు నడిపి పొట్టపోసుకునే మనకి ఈ సమస్య బాగా తెలిసినదే. ఆఫీసులో వాడే ఆ బుద్ధిని మైదానంలోకి తీసుకురావడం దగ్గరే చిక్కు.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. మైదానంలో 18 హోళ్ళు ఉంటాయి. ఒక్కొక్క హోలుని మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే అంకె పార్. అది 3, 4, 5లలో ఏదో ఒకటి. అన్నీ కలిపితే మామూలుగా 72. పార్ కన్నా ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ, ఒకటి తక్కువైతే బర్డీ. బంతి హద్దు దాటి బయటపడితే ఒక దెబ్బ జరిమానా, పైగా మొదట కొట్టిన చోటినుంచే మళ్ళీ కొట్టాలి. ఈ మాత్రం తెలిస్తే ఈ వ్యాసానికి సరిపోతుంది.

42, ఆ తరవాత 53

మేముండేది టెక్సస్‌లో ఫ్రిస్కో. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఇక్కడికి మార్చింది. ఆ సంస్థ రావడానికి చాలాముందే మనవాళ్ళు ఇక్కడికి వచ్చారు. శనాదివారాల్లో చుట్టుపక్కల పబ్లిక్ గోల్ఫు కోర్సులకి వెళితే ఏదో ఒక టీ దగ్గర తెలుగు మాట వినబడకుండా ఉండదు.

మా నలుగురి జట్టులో పెద్దాయన మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త. వయసు 61. ముప్ఫయ్యేళ్ళపాటు డేటాబేసులు నడిపిన మనిషి. మొన్న వసంతంలో ఆయన ఒక రౌండు ఆడాడు. మొదటి తొమ్మిది హోళ్ళు 42, అంటే పార్ కన్నా ఆరే ఎక్కువ. ఆయన స్థాయికి అది పండగే. తరవాతి తొమ్మిది 53. మొత్తం 95.

ఆట అయ్యాక టిఫిన్ల దగ్గర కూర్చున్నాం. ఆయన ఇడ్లీ ముట్టుకోలేదు.

"పటింగు ముంచేసిందోయ్. మూడేసి పట్‌లు కొడితే ఎవడు మాత్రం బాగుపడతాడు? ఈ పటరు అవతల పారేసి కొత్తది కొనాలి. అసలు పటరు కాదు, వయసైపోయింది. ఈ బ్యాగు ఎవరికైనా ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది."

"కొనేముందు ఆ స్కోరుకార్డు ఒకసారి ఇటివ్వండి అన్నయ్యా" అన్నాను.

కార్డు మీద చివరి తొమ్మిది హోళ్ళ అంకెలు వరసగా ఇలా ఉన్నాయి: 5, 6, 4, 9, 5, 5, 3, 10, 6. వాటి పార్‌లు 4, 5, 3, 4, 4, 4, 3, 5, 4. పార్ మీద ఎంతెంత ఎక్కువో రాస్తే బొమ్మ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది: 1, 1, 1, 5, 1, 1, 0, 5, 2.

రెండు అయిదులు. పదిహేడులో పది అక్కడే పోయాయి. మిగిలిన ఏడు హోళ్ళలో పార్ కన్నా ఏడే ఎక్కువ. మొదటి సగం తొమ్మిది హోళ్ళలో ఆరు ఎక్కువ. ఈ రెండింటికీ కొద్ది తేడా ఉంది కాని, "రెండో సగంలో ఆట మొత్తం కుప్పకూలింది" అనేటంత తేడా లేదు. కూలినవి రెండు హోళ్ళు.

ఇక పట్‌ల సంగతి. ఆయనకి గుర్తున్నంతవరకు మొదటి సగంలో 18, రెండో సగంలో 20. రెండు సగాల మధ్య తేడా పదకొండు దెబ్బలైతే, అందులో పటరు వాటా రెండు. మిగతా తొమ్మిది ఎక్కడ పోయాయి?

ఇలాంటి ప్రశ్నకి జవాబు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. దాని చరిత్ర మనలాంటివారికి నచ్చేదే.

బెల్‌మన్ గోల్ఫు ఆడితే

కొలంబియా విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూల్లో మార్క్ బ్రాడీ అని ఒక ఆచార్యుడు. ఆయన అసలు రంగం ఫైనాన్సు. ఆప్షన్లకి ధర కట్టడంలో మోంటే కార్లో పద్ధతుల మీద పనిచేశాడు. గోల్ఫంటే ఇష్టం. 2000 దశకం మొదట్లో పీజీఏ టూరు షాట్‌లింక్ అనే వ్యవస్థని పెట్టి, ప్రొఫెషనల్ ఆటగాళ్ళు కొట్టే ప్రతి దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో లేజర్లతో కొలవడం మొదలుపెట్టింది. లక్షల దెబ్బల డేటా పోగైంది. బ్రాడీ దాన్ని తీసుకుని ఒక సూటి ప్రశ్న వేశాడు: ఫలానా దూరంలో, ఫలానా రకం నేల మీద బంతి ఉంటే, అక్కణ్ణుంచి హోలులో వెయ్యడానికి టూరు ఆటగాడికి సగటున ఎన్ని దెబ్బలు పడతాయి?

డైనమిక్ ప్రోగ్రామింగు చదువుకున్నవారు ఈపాటికి గుర్తుపట్టే ఉంటారు. ఇది రిచర్డ్ బెల్‌మన్ 1950లలో చెప్పిన విలువ ఫలనమే. ప్రతి స్థితికీ ఒక విలువ ఉంటుంది. ఒక దెబ్బ మనని ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి తీసుకెళ్తుంది. మొదటి స్థితి విలువలోంచి రెండో స్థితి విలువ తీసేసి, ఖర్చుపెట్టిన ఒక దెబ్బనీ తీసేస్తే మిగిలేది ఆ దెబ్బ లాభమో నష్టమో. దీనికి 'స్ట్రోక్స్ గెయిన్డ్' అని పేరు. పటింగుకి ఈ లెక్కని పీజీఏ టూరు 2011లో వాడుకలోకి తెచ్చింది. 2014లో టీ నుంచి గ్రీను దాకా ఉన్న ఆటకి, 2016లో మరింత విడగొట్టి టీ దెబ్బలకి, గ్రీను మీదికి కొట్టే అప్రోచ్ దెబ్బలకి, గ్రీను చుట్టుపక్కల దెబ్బలకి విస్తరించింది. బ్రాడీ పుస్తకం 'ఎవ్రీ షాట్ కౌంట్స్' 2014లో వచ్చింది.

ఆ పట్టికలోంచి కొన్ని అంకెలు. టూరు ఆటగాడు 8 అడుగుల పట్‌ని సుమారు సగం సార్లే వేస్తాడు. 10 అడుగులైతే నూటికి 40 సార్లు, 20 అడుగులైతే 15 సార్లు. టీవీలో వేసినవే చూపిస్తారు కనక మనం అన్నీ పడతాయనుకుంటాం. అయిదడుగుల పట్ తప్పితే తిట్టుకుంటాం. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాళ్ళే నాలుగింట ఒకటి చొప్పున దాన్ని తప్పుతారు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. 2004 నుంచి 2012 వరకు డేటా చూసి, అగ్రశ్రేణి ఆటగాళ్ళు మిగతావారికన్నా ఎక్కడ ముందున్నారో బ్రాడీ లెక్కగట్టాడు. ఆ ఆధిక్యంలో అప్రోచ్ దెబ్బల వాటా సుమారు 40 శాతం, టీ దెబ్బలది 28, గ్రీను చుట్టుపక్కల ఆటది 17, పటింగుది 15. మా తోడల్లుడి 95లో పట్‌లు 38, అంటే నూటికి 40. ఎక్కువసార్లు పిలవబడే ఫంక్షను కనక నష్టం కూడా అక్కడే అనుకోవడం సహజం. ప్రొఫైలరు నడపకుండా ఆప్టిమైజ్ చెయ్యవద్దని మన కుర్రాళ్ళకి మనమే చెబుతుంటాం కదా!

ఒక హోలుకి పోస్టుమార్టం

ఇప్పుడు ఆయన 9 కొట్టిన 13వ హోలు చూద్దాం. పొడవు 360 గజాలు, పార్ 4. ఆయన గుర్తున్నంతా చెప్పాడు, నేను స్ప్రెడ్‌షీటులో రాశాను. టూరు పట్టిక ప్రకారం 360 గజాల టీ విలువ 3.92.

మొదటి బంతి కుడివైపు హద్దు దాటింది. ఒక దెబ్బ, ఒక జరిమానా, మళ్ళీ అదే టీ. నష్టం సరిగ్గా 2.00.

మూడో దెబ్బ మళ్ళీ టీ నుంచే. బంతి హద్దులోనే ఉంది కాని చెట్లలో, హోలుకి 160 గజాల దూరంలో. అలాంటి చోటు విలువ 3.81. నష్టం 0.89.

నాలుగో దెబ్బ చెట్ల సందులోంచి గ్రీను మీదికి ప్రయత్నం. మానుకి తగిలి అక్కడే పడింది. నష్టం 1.00.

అయిదో దెబ్బ పక్కకి, ఫెయిర్‌వేలోకి. హోలుకి 140 గజాలు. అక్కడి విలువ 2.91. నష్టం 0.10.

ఆరో దెబ్బ గ్రీను మీదికి, హోలుకి 40 అడుగుల దూరంలో. విలువ 2.06. నష్టం 0.15.

ఆ తరవాత మూడు పట్‌లు. నష్టం 0.94.

మొత్తం కూడితే 5.08. తొమ్మిదిలోంచి 3.92 తీసేసినా అంతే వస్తుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇదే, పైసాతో సహా లెక్క సరిపోతుంది.

ఆయన మనసులో ఈ హోలు పేరు 'మూడు పట్‌లు'. లెక్కలో పటరు వాటా అయిదో వంతు కన్నా తక్కువ. టీ దెబ్బలు రెండూ కలిసి 2.89, సగానికి పైన. చెట్లలోంచి చేసిన సాహసం ఒకటి.

మరి పటరు మీదికి నింద ఎందుకు పోయింది? ప్రతి హోలులో చివరి దెబ్బ పట్ కాబట్టి. ప్రోగ్రాము కూలినప్పుడు తెర మీద కనిపించే ఎర్రర్ మెసేజి, ప్రోగ్రాము ఏ లైను దగ్గర ఆగిందో చెబుతుంది. బగ్ ఎక్కడ పుట్టిందో చెప్పదు. నల్ పాయింటరు పేలింది 900వ లైనులో, దాన్ని ఖాళీగా వదిలేసింది 40వ లైనులో. తొమ్మిదో దెబ్బ పేలింది గ్రీను మీద, పుట్టింది టీ దగ్గర.

ఇది టూరు ఆటగాళ్ళ పట్టిక కదా, 61 ఏళ్ళ మనిషికి వర్తిస్తుందా అని అడగవచ్చు. నిష్ఠూరమైన కొలబద్దే, నిజం. కాని నష్టం ఏ పద్దు కింద పోయిందో చూపడానికి అది చాలు. క్లబ్బు పట్టు చివర సెన్సర్లు బిగించే ఆర్కోస్, చేతి గడియారంతో పనిచేసే షాట్ స్కోప్ వంటివి ఇప్పుడు మన స్థాయి ఆటగాళ్ళతోనే పోల్చి చూపిస్తాయి. అవేవీ లేకపోయినా పెన్సిలూ, కాగితమూ చాలు.

సందులోంచి కొట్టాలా, పక్కకి తియ్యాలా?

ఆ నాలుగో దెబ్బ దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే అది చేతి పని కాదు, నిర్ణయం.

పక్కకి తీస్తే ఒక దెబ్బ ఖర్చయి 140 గజాల ఫెయిర్‌వేకి వస్తాం. మొత్తం 1 + 2.91 = 3.91. సందులోంచి కొట్టి గెలిస్తే, 30 అడుగుల దూరంలో గ్రీను మీద పడ్డామనుకుందాం, 1 + 1.98 = 2.98. ఓడిపోతే మళ్ళీ చెట్లలోనే, 1 + 3.81 = 4.81. రెండు దారులూ సమానం కావాలంటే ఆ సందు దెబ్బ ఎన్నిసార్లు తగలాలి? హైస్కూలు బీజగణితం. జవాబు నూటికి 49. అంటే రెండుసార్లకి ఒకసారి.

"ఆ సందులోంచి పది కొడితే ఎన్ని వెళ్తాయి అన్నయ్యా?" అని అడిగాను.

ఆయన నిజాయితీగా ఆలోచించి, "రెండు" అన్నాడు.

పదిలో రెండైతే ఆ దారి సగటు ఖర్చు 4.44. పక్కకి తియ్యడం కన్నా అరదెబ్బ నష్టం. ఇక్కడ గమనించవలసింది, ఆరోజు బంతి సందులోంచి దూసుకుపోయి గ్రీను మీద పడి ఉన్నా ఈ లెక్క మారదు. అందరం చప్పట్లు కొట్టేవాళ్ళం, ఆయన ఆ దెబ్బని పదేళ్ళు చెప్పుకునేవాడు. నిర్ణయం మాత్రం అరదెబ్బ నష్టపు నిర్ణయంగానే ఉండేది.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాదు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, ఆయన కాలిఫోర్నియాలో పుట్టాడు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరిరోజు, 17వ హోలు. అది టీ నుంచే గ్రీనుని అందుకోగల పొట్టి పార్ 4. తీగల కొట్టిన బంతి నేల తగిలి ఎడమవైపుకి ఎగిరి, దొర్లుకుంటూ నీళ్ళలోకి పోయింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ తప్పిపోయింది. దెబ్బలో దోషం కన్నా నేల చేసిన మాయే ఎక్కువ. ఇలాంటిదాన్ని చూసి "ఇక డ్రైవరు తియ్యను" అని ఒట్టు పెట్టుకునే ఆటగాడు పొరపాటు పాఠం నేర్చుకున్నట్టు. తీగల 2023 సెప్టెంబరులో తన మొదటి పీజీఏ టూరు విజయం సాధించాడు.

అందుకే రౌండు అయ్యాక ప్రతి పెద్ద నష్టానికీ మూడు గడులు పెట్టుకోవాలి: నిర్ణయం, చేతిపని, అదృష్టం. మొదటిది రేపే మార్చుకోవచ్చు. రెండోదానికి సాధన కావాలి. మూడోదాని మీద ఆలోచన అనవసరం. మూడోదానిని మొదటి గడిలో రాసుకుంటే మంచి అలవాట్లు పాడవుతాయి. మొదటిదాన్ని మూడో గడిలోకి తోసేస్తే చెడ్డ అలవాట్లు నిలిచిపోతాయి.

హ్యాండీక్యాప్ ఏమంది?

ఇంతకీ 95 నిజంగా అంత చెడ్డ రౌండా? ఈ ప్రశ్న ప్రపంచ హ్యాండీక్యాప్ వ్యవస్థని అడిగి చూద్దాం. 2020లో అమల్లోకి వచ్చిన ఈ పద్ధతిలో రెండు తెలివైన ఏర్పాట్లు ఉన్నాయి.

మొదటిది, ఒక హోలులో ఎంత కొట్టినా లెక్కలోకి తీసుకునేదానికి ఒక పైకప్పు ఉంది. పార్ మీద రెండు, దానిపైన ఆ హోలుకి మనకి దక్కే రాయితీ దెబ్బలు. ఆయన హ్యాండీక్యాప్ ఇండెక్స్ 17.7. ఆ కోర్సులో రాయితీ 18, అంటే హోలుకి ఒకటి. కాబట్టి పార్ 4లో పైకప్పు 7, పార్ 5లో 8. ఆయన 9 కాస్తా 7 అయింది, 10 కాస్తా 8 అయింది. 95 కాస్తా 91 అయింది. ఆ కోర్సు రేటింగు 70.6, స్లోపు 124. సూత్రం ప్రకారం 91లోంచి 70.6 తీసేసి, 113తో గుణించి 124తో భాగిస్తే 18.6.

ఇండెక్స్ 17.7. ఆ 'ఘోరమైన' రౌండు 18.6. తేడా ఒకటి కన్నా తక్కువ!

రెండో ఏర్పాటు ఇంకా ముఖ్యం. ఇండెక్స్ అంటే మన సగటు కాదు. చివరి 20 రౌండ్లలో మంచివి 8 ఏరి, వాటి సగటు. అంటే అది మన సామర్థ్యానికి కొలత. సహజంగానే చాలా రౌండ్లు దానికన్నా ఎక్కువే వస్తాయి. ఎక్కువ వచ్చినప్పుడల్లా దిగజారిపోయానని కుమిలిపోవడం, తన మంచి రోజులతో ప్రతిరోజునీ పోల్చుకుని ఏడవడమే. మరునాడు ఆయన ఫోనులో యాప్ తెరిచి చూస్తే, ఆ రౌండు మంచి ఎనిమిదిలో చోటు చేసుకుంది.

ఆ మాట చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు. కాసేపు ఊరుకుని, "మా కంపెనీవాళ్ళు కూడా ఇలా ఇరవై చూసి ఉంటే బాగుండేదోయ్" అన్నాడు.

చాలా ఏళ్ళు పనిచేసిన చోటు నుంచి ఆయన్ని రెండేళ్ళ కిందట పంపించేశారు. ఒక త్రైమాసికంలో అంకెలు బాగా లేవన్నారు. అంతకుముందు త్రైమాసికాలు ఎవరూ తియ్యలేదు. ఆ తరవాత ఆయనకి మిగిలిన ఆసరా వారానికొకసారి ఈ ఆట. ఒక్క మెతుకు పట్టి తన మీద కంపెనీ చెప్పిన తీర్పునే, ఆరోజు టిఫిన్ల దగ్గర ఆయన తన మీద తానే చెప్పుకోబోయాడు. బ్యాగు ఎవరికైనా ఇచ్చేస్తానన్నది పటరు గురించి అన్న మాట కాదని నాకు అప్పుడు అర్థమైంది.

కొత్త పటరు మహిమ

తరవాతి ఆదివారం ఆయన 89 కొట్టాడు, పాత పటరుతోనే. మధ్యలో కొత్తది కొని ఉంటే ఆ ఘనత అంతా దానికే దక్కేది.

దీనికి శాస్త్రంలో పేరుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ, పిల్లల ఎత్తులూ కొలిచి గమనించిన 'సగటు వైపు మళ్ళడం' ఇది. మామూలుకన్నా బాగా చెడ్డ ఫలితం వచ్చిందంటే అందులో దురదృష్టం పాలు కొంత ఉండి ఉంటుంది. అదృష్టం తరవాతి వారానికి గుర్తుండదు కాబట్టి తరవాతి ఫలితం కొంచెం మెరుగ్గా వచ్చే అవకాశమే ఎక్కువ. మనమేం చేసినా, చెయ్యకపోయినా. 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న డేనియల్ కానమన్, 2011లో వచ్చిన తన పుస్తకం 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో'లో దీన్ని వివరించడానికి గోల్ఫు టోర్నమెంటునే ఉదాహరణగా తీసుకున్నాడు. మొదటిరోజు బాగా ఆడినవాడు రెండోరోజు కొంత వెనక్కి వస్తాడు, చెడ్డగా ఆడినవాడు కొంత ముందుకి వస్తాడు. ఇద్దరి గురించీ మనం కారణాలు అల్లుతాం. ఒకడికి పొగరెక్కిందంటాం, ఇంకొకడికి పట్టుదల పెరిగిందంటాం.

ప్రొడక్షనులో సర్వరు మొరాయించిన రోజున ఏదో ఒక సెట్టింగు మారుస్తాం. మరునాడు అది మామూలుగా నడుస్తుంది. ఆ సెట్టింగు అయిదేళ్ళు అలాగే ఉండిపోతుంది, ఎందుకుందో ఎవరికీ తెలియదు. కొత్త పటర్లు అటకెక్కి కూర్చునేది కూడా ఇలాగే.

అలాగని అంతా అదృష్టమే, నేర్చుకోవడానికేం లేదనడం కూడా సరికాదు. సర్వరు ఏడాదిలో రెండుసార్లే పడిపోయింది, మిగతా రోజులు బాగానే ఉంది కదా అంటే మన కస్టమరు ఒప్పుకుంటాడా? ఆ రెండు అయిదులూ అలాంటివే. సగటు వేరు, తోక వేరు. సగటు ఆట మెరుగుపడాలంటే ఏళ్ళ తరబడి సాధన కావాలి. తోకని కత్తిరించడానికి చాలాసార్లు ఒక నిర్ణయం చాలు. కుడివైపు హద్దు దగ్గరగా ఉన్న హోలులో డ్రైవరు బదులు చిన్న క్లబ్బు తియ్యడం, చెట్లలోంచి పక్కకి తియ్యడం వంటివి.

గొప్పవాళ్ళ గిన్నెలూ ఇంతే

2025 ఏప్రిల్ 13. అగస్టాలో మాస్టర్స్ చివరిరోజు. రోరీ మెకిల్‌రాయ్ రెండు దెబ్బల ఆధిక్యంతో మొదలుపెట్టాడు. మొదటి హోలులోనే డబుల్ బోగీ, ఆధిక్యం మాయం. తరవాత 3, 4, 9, 10 హోళ్ళలో బర్డీలు. 11లో బోగీ. 13వ హోలులో ఫెయిర్‌వే నుంచి వంద గజాలు కూడా లేని వెడ్జ్ దెబ్బ, ఎడమవైపు ఖాళీ అంతా వదిలేసి, కుడివైపు వాగులో పడింది. మళ్ళీ డబుల్ బోగీ. 14లో బోగీ. 15లో చెట్లని చుట్టివచ్చిన అద్భుతమైన దెబ్బతో బర్డీ. 17లో ఇంకో బర్డీ. 18లో గెలవడానికి అయిదడుగుల పట్, తప్పింది. మొత్తం 73. జస్టిన్ రోజ్ 66 కొట్టి సమం చేశాడు. ప్లేఆఫ్‌లో మెకిల్‌రాయ్ బర్డీ చేసి గెలిచాడు. నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో ఆటగాడయ్యాడు.

ఆ రౌండులోంచి ఏ మెతుకు తీస్తారు? 13వ హోలు తీస్తే ఆయన ఒత్తిడికి లొంగే మనిషి. 15వ హోలు తీస్తే ఒత్తిడిలో రాణించే మనిషి. ఆ వారం మొత్తంలో ఆయన నాలుగు డబుల్ బోగీలు చేశాడు. ఆ వారంలో గెలిచినవాడు కూడా ఆయనే. ఎగుడుదిగుడు అన్నది ఆటలో లోపం కాదు, ఆట స్వభావం.

మనం చేయగలిగింది

ఆరోజునుంచి మా నలుగురి జట్టులో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి.

ఆట అయిన రోజున తీర్పు లేదు. ఆరోజు అంకెలు రాసుకోవడమే. చదవడం మరునాడు.

ప్రతి దెబ్బకీ మూడు ముక్కలు: ఎంత దూరం నుంచి, ఎలాంటి నేల మీద, జరిమానా పడిందా. దెబ్బ మొదలైన చోటు రాస్తే ముందటి దెబ్బ ముగిసిన చోటు దానంతట అదే తెలుస్తుంది. ఎక్కువ రాయాలనుకుంటే మూడోవారానికి మానేస్తాం.

పెద్ద నష్టాలకి మూడు గడులు: నిర్ణయం, చేతిపని, అదృష్టం.

అయిదారు రౌండ్లలో పదేపదే కనిపించేదాని మీదే సాధన. ఒక్కసారి కనిపించినదాన్ని రాసి వదిలెయ్యాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అంకెలు నిజమవ్వాలి. ఇందులోనూ తీగలే ఆదర్శం. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండులో, బంకరులో క్లబ్బు వెనక్కి తీస్తుంటే ఇసుక కదిలినట్టు తనకి అనిపించిందని అధికారులకి తనే చెప్పాడు. రెండు దెబ్బల జరిమానా పడింది. ఆ టోర్నమెంటులో మూడోస్థానంతో ముగించాడు. కోట్ల డాలర్ల ఆటలో ఆయన తన లాగుని తను దిద్దుకోలేదు. చిన్న పట్‌ని "సరేలే, పడినట్టే" అనుకుని కార్డు మీద ఒకటి తగ్గించి రాసుకునే మనకి, ఆ కార్డు రేపు ఏ పాఠమూ చెప్పదు.

మనం పెరిగిన పద్ధతే వేరు. ఒక పూట ఎంసెట్ పరీక్ష, ఒక ర్యాంకు, దానితో జీవితం తేలిపోయినట్టే. ఆ అంకె బాగా వచ్చినవాళ్ళం దాన్ని నమ్మాం, రానివాళ్ళు దాన్ని మోశారు. అమెరికా వచ్చాక ఆ చోటులోకి వార్షిక సమీక్షలు వచ్చాయి, వీసా లాటరీలు వచ్చాయి, ఇప్పుడు పిల్లల కాలేజీ ఫలితాలు వస్తున్నాయి. ఒక్క అంకెతో మనిషికి తీర్పు చెప్పడం మనకి అలవాటైపోయింది. ఇరవై చూసి, అందులో మంచి ఎనిమిది ఏరి, "నీ సామర్థ్యం ఇదీ" అని చెప్పే వ్యవస్థ ఒకటి ఉందని, అది ఒక ఆటలో దొరుకుతుందని నేను అనుకోలేదు.

మీ పిల్లవాడు ఈసారి లెక్కల్లో తక్కువ మార్కులు తెచ్చుకున్నా, మీ జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రిలీజులో తడబడినా, ముందు పాత కార్డులు తియ్యండి. పందొమ్మిది ఉంటాయి, చూడవలసినవి.